చాథమ్ నుంచి మొదలుపెట్టండి

అండమాన్ నికోబార్ ద్వీపాల లెఫ్టినెంట్ గవర్నర్ గారికి బహిరంగ లేఖ



ఈ లేఖ తెలుగులో రాస్తున్నందుకు సంజాయిషీ ఇవ్వనక్కర్లేదనుకుంటాను. 2011 జనాభా లెక్కల్లో మీ ద్వీపాల జనం 3,80,581. అందులో నూటికి పదమూడు మంది ఇంటి భాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వల పట్టుకునో తాపీ పట్టుకునో ఓడెక్కి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లోనూ చుట్టుపక్కలా స్థిరపడ్డ కుటుంబాలే వాళ్లలో ఎక్కువ. (2024 సెప్టెంబరు నుంచి ఆ ఊరిని శ్రీ విజయపురం అనాలి. నోటికింకా అలవాటు కాలేదు, మన్నించండి.) గోడ కట్టిన మేస్త్రి మనవరాలు ఆ గోడల మధ్య చోటును తీర్చిదిద్దే ఇంటీరియర్ డిజైనర్ కావాలనుకోవడంలో వింతేమీ లేదు. వింతల్లా ఆ అమ్మాయికి మనం చూపించే దారిలోనే ఉంది.

ఆ దారి అందరికీ తెలిసిందే. ప్లస్ టూ కాగానే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) పరీక్షో, డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్ష యూసీడో రాయాలి. అదృష్టం బాగుంటే అహ్మదాబాద్‌లో 1961 నుంచి నడుస్తున్న ఎన్ఐడీలోనో, అదే ఊళ్లో 1991లో ఇంటీరియర్ డిజైన్‌కే ఒక స్కూలు తెరిచిన సెప్ట్‌లోనో సీటు వస్తుంది. రాకపోతే చెన్నైలోనో బెంగళూరులోనో ప్రైవేటు కాలేజీ. నాలుగేళ్ల డిగ్రీ, మధ్యలో ఇంటర్న్‌షిప్, తరువాత ఏదో సంస్థలో కంప్యూటర్ ముందు డ్రాయింగులు గీస్తూ రెండు మూడేళ్లు, ఆపైన సొంత బోర్డు. ఇందులో అబద్ధం లేదు. కానీ ఈ రంగంలో నిలబడ్డవాళ్లెవరు, మధ్యలో చల్లబడ్డవాళ్లెవరు అని చూస్తే తేడా సర్టిఫికెట్టులో దొరకదు, సైటు మీద దొరుకుతుంది. సైటు మీద డిజైనర్ పని సగం కొలత, సగం పేచీ. గోడ నిలువుగా లేదని, గది మూల మట్టానికి లేదని టేపూ తూకం గుండూ పట్టేదాకా తెలియదు. తెర మీద ముచ్చటగా కూర్చున్న వార్డ్‌రోబ్ ఆ గోడకు ఆనదు. పైన రెండు నూళ్లు, కింద అరంగుళం ఖాళీ వస్తుంది. ఆ ఖాళీకి ఏ పట్టీ కొట్టాలో, కొడితే తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో కార్పెంటర్‌కు తెలుసు. డిజైనర్‌కు తెలియకపోతే ఆ నిమిషం నుంచి సైటు కార్పెంటర్‌దే, డిజైనర్ చుట్టం చూపుగా వచ్చినట్టే.

నేను చెప్పదలచినది ఒక్కటే. ఇంటీరియర్ డిజైనర్‌ను తయారుచేసేది మొదట పదార్థం, తరువాత వాతావరణం, ఆ తరువాత ఆ ఇంట్లో మసిలే మనిషి. కంప్యూటర్ తెర, డిగ్రీ వీటి వెనకే రావాలి. ఈ మూడూ ఒక్కచోట, ఇంత కటువుగా ఎదురయ్యే ప్రదేశం దేశంలో మీ ద్వీపాలను మించి నాకు కనబడదు. అందుకే ఆ దారికి మొదటి మెట్టు పోర్ట్ బ్లెయిర్ పక్కనే ఉన్న చాథమ్ దీవిలో వేయమని అడుగుతున్నాను.

పదార్థం సంగతి ముందు చెబుతాను. చాథమ్ రంపపు మిల్లు 1883లో మొదలైంది. ఆసియాలోని పాత మిల్లుల్లో అదొకటి. 1942లో జపాన్ బాంబు పడ్డ గుంత ఇప్పటికీ ఆవరణలో ఉంది. పర్యాటకులు దాని పక్కన ఫొటో దిగి, మ్యూజియంలో చెక్క బొమ్మలు చూసి వెళ్లిపోతారు. చూడవలసింది దుంగ కోత. పడాక్ దుంగను నిలువునా కోస్తే లోపలి చేవ ఎర్రగా, చుట్టూ ఉన్న మెత్తటి పొర పాలిపోయి కనిపిస్తాయి. రెండింటి మధ్య హద్దు గీత గీసినట్టు ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ ఆ ఎరుపు నెమ్మదిగా గోధుమ రంగులోకి దిగుతుంది. ఈ సంగతి తెలియని డిజైనర్ కిటికీ పక్క బల్లకూ లోపలి గది బల్లకూ ఎప్పటికీ ఒకటే రంగని క్లయింటుకు మాటిచ్చి, రెండేళ్ల తరువాత తలదించుకుంటాడు. పడాక్ ఒకటే కాదు, గర్జన్, చుగ్లం, కోకో, మార్బుల్‌వుడ్, శాటిన్‌వుడ్ ఉన్నాయి. ఒక్కోదానిది ఒక్కో బరువు, ఒక్కో వాసన, ఉలితో ఒక్కో పేచీ. కేటలాగులో ఇవన్నీ గోరంత రంగు ముక్కలు.

గర్జన్ గురించి కొంచెం ఆగాలి. హైదరాబాద్‌లో ప్లైవుడ్ దుకాణానికి వెళ్లి మంచి ప్లై ఏదని అడిగితే దుకాణదారు నోట మొదట వచ్చే మాట అదే. నాణ్యతకు మారుపేరు అయిపోయింది. ఆ చెట్టు అండమాన్ అడవిది కూడా. ఒకప్పుడు ద్వీపాల ప్లైవుడ్ ఫ్యాక్టరీలు దాన్ని పొరలు పొరలుగా ఒలిచి ప్రధాన భూభాగానికి పంపేవి. ద్వీపాల అడవుల పరిస్థితిపై వేసిన శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక మీద 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఆ కథ ముగిసింది. ద్వీపాల చెక్క ద్వీపవాసుల అవసరాలకే అన్నది అప్పటి నుంచీ నియమం. ఆ తరువాత దుకాణాల్లో మయన్మార్ గర్జన్ రాజ్యమేలింది. 2014లో ఆ దేశం కూడా దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు గర్జన్ అని అమ్మే పలకలో అసలు గర్జన్ ఎంత, ఎక్కడిది అని అడిగితే అమ్మేవాడు కూడా గట్టిగా చెప్పలేడు. అంచు చూసి పొరలు లెక్కపెట్టి, కోసి లోపలి ఖాళీలు పట్టి, ముక్క నీళ్లలో నానబెట్టి తేల్చగలిగిన మనిషికి దేశమంతా గిరాకీయే. అలాంటి కన్ను తయారవడానికి అసలు చెట్టు దగ్గర కొన్నాళ్లు గడపడం మంచిదా, స్లయిడులో బొమ్మ చూడడం మంచిదా?

ఇక వాతావరణం. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల పైచిలుకు వాన. రెండు రుతుపవనాలూ మీవే. గాలిలో తేమ, తేమలో ఉప్పు. చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమ పీల్చుకుంటుంది, వదులుతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో ఏడెనిమిది శాతం తేమ దగ్గర నిలిచిన చెక్క మీ దగ్గరకు వస్తే పదిహేను పదహారు దాకా పోతుంది. అంత తేడాకు రెండడుగుల వెడల్పు పలక, చెట్టునూ కోత వైపునూ బట్టి, పావు నుంచి అరంగుళం దాకా ఉబ్బగలదు. దక్కన్‌లో గీసిన తలుపు అండమాన్‌లో ఎందుకు మూసుకోదో దీన్ని బట్టే తెలుస్తుంది. సింకు కింది అల్మరా చూడండి. మొదటి వానాకాలంలో తలుపు అడుగు అంచు మొద్దుబారుతుంది. రెండో ఏట పొరలు పువ్వు రేకుల్లా విచ్చుకుంటాయి. మైకా ఒక మూల లేస్తుంది, లోపల బూజు వాసన. మూడో ఏట కబ్జా మరలు తుప్పుపట్టి పిండవుతాయి, తలుపు చేతిలోకి వస్తుంది. చేసినవాడు మోసగాడే కానక్కర్లేదు. మామూలు ఎంఆర్ రకం ప్లైకీ, జిగురును 72 గంటలు ఉడకబెట్టి పరీక్షించే ఐఎస్ 710 మెరైన్ ప్లైకీ తేడా తెలియకపోవచ్చు, 304 స్టీలుకూ 316 స్టీలుకూ సముద్రం పక్కన ఎంత తేడానో తెలియకపోవచ్చు, కోసిన అంచులు మూయకుండా వదిలేసి ఉండవచ్చు. ప్రధాన భూభాగంలో ఇలాంటి తప్పు బయటపడడానికి పదేళ్లు పడుతుంది, ఆలోపు డిజైనర్ ఊరు మారిపోతాడు. మీ దగ్గర మూడేళ్లలో బయటపడుతుంది. నేర్చుకునేవాడికి ఇంతకంటే త్వరగా, ఇంతకంటే నిష్పక్షపాతంగా మార్కులు వేసే పరీక్షాధికారి దొరకడు.

భూకంపం కూడా ఇంటీరియర్ విషయమేనన్నది చాలామందికి తట్టదు. ద్వీపాలన్నీ అత్యంత తీవ్రమైన భూకంప మండలంలో ఉన్నాయి. 2004 డిసెంబరు 26న 9.1 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ద్వీపాల దక్షిణ కొస ఇందిరా పాయింట్ దగ్గర నేలే నాలుగు మీటర్లకు పైగా కుంగింది. భవనం ఇంజనీరు చూసుకుంటాడు, సరే. ఆ భవనంలో తల మీదికి ఏం పడుతుందన్నది చూడవలసింది ఎవరు? ఇటీవలి పెద్ద భూకంపాల్లో గాయపడ్డవాళ్లలో మూడోవంతు నుంచి సగం దాకా మీద పడ్డ, జారిన సామాన్ల వల్లే గాయపడ్డారని టోక్యో అగ్నిమాపక శాఖ ప్రజలకు చెబుతూ వస్తోంది. గోడకు బిగించని ఎత్తు అల్మరా, మంచం తల దగ్గర గాజు అరలు, బరువైన ఫాల్స్ సీలింగ్ ఫొటోలో బాగుంటాయి. వీటిని వద్దనగలిగిన డిజైనర్ కావాలి.

పదార్థం దగ్గర మొదలైన దారి ఎంత దూరం పోతుందో చూపడానికి రెండు జీవితాలు చాలు. జార్జి నకషిమ అమెరికాలో పుట్టిన జపనీయుడు, ఎంఐటీలో చదివిన ఆర్కిటెక్టు. 1937లో పుదుచ్చేరికి వచ్చి అరవిందాశ్రమం వారి గోల్కొండ భవన నిర్మాణాన్ని పర్యవేక్షించాడు. ఆ పేరు మన గోల్కొండదే. నిజాం ప్రభుత్వ దివాను అక్బర్ హైదరీ ఇప్పించిన విరాళానికి గుర్తుగా పెట్టారు. గోడలకు బదులు తిప్పుకునే అడ్డపలకలతో గాలినీ వెలుతురునూ మనిషి చేతికి అప్పగించిన కట్టడం అది. తరువాత అమెరికా వెళ్లిన నకషిమను యుద్ధకాలంలో, 1942లో, జపాన్ సంతతివాడన్న ఒక్క కారణంతో ఇడాహోలోని నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడ గెంతారో హికోగావా అనే వడ్రంగి దొరికాడు. దొరికిన తుక్కు చెక్కతోనే ఆయన దగ్గర పనిముట్లు పట్టడం, కీలు బిగించడం నేర్చుకున్నాడు. ప్రపంచం నకషిమను గుర్తుపెట్టుకున్నది ఎంఐటీ పట్టా వల్ల కాదు, ఆ వడ్రంగి నేర్పిన పని వల్ల. 1964లో ఆయన మళ్లీ ఇండియాకు వచ్చి అహ్మదాబాద్ ఎన్ఐడీ కోసం ఫర్నిచర్ రూపొందించాడు. ఇక సునీతా కోహ్లీ. ఆమె చదివింది ఇంగ్లిషు సాహిత్యం. పాత దీపాలు, పాత ఫర్నిచర్ కొని బాగుచేయించడంతో మొదలైన ఆసక్తి ఆమెను రాష్ట్రపతి భవన్ లోపలి అలంకరణ పునరుద్ధరణ దాకా తీసుకెళ్లింది. 1992లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ నాకు ఉదాహరణలే గాని రుజువులు కారు, ఒప్పుకుంటాను. కాలేజీ దారిన వెళ్లి గెలిచినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. కానీ వాళ్లలో ఎవరిని కదిలించినా ఎక్కడో ఒక వర్క్‌షాపు, ఒక మేస్త్రి, ఒక పాడైపోయిన మొదటి పని బయటపడతాయి. ఆ వర్క్‌షాపు కాలేజీ తరువాత తటస్థపడడం అదృష్టం, ముందే ఉండడం ఏర్పాటు. ఆ ఏర్పాటు మీ చేతిలో ఉంది.

మూడోది మనిషి. ఈ విషయంలో మీ ద్వీపాల దగ్గర ఉన్నంత పాఠం ఏ డిజైన్ స్కూల్లోనూ లేదు. కార్ నికోబార్ పాత గుడిసెను తీసుకోండి. తేనెపట్టులా గుండ్రంగా, ఎత్తు స్తంభాల మీద నిలబడుతుంది. నిచ్చెనెక్కి లోపలికి పోవాలి. స్తంభాల పైభాగంలో గుండ్రటి బిళ్లలు, ఎలుకలు పైకి పాకకుండా. పైన మందంగా కప్పిన గడ్డి గుమ్మటం. నేల చీల్చిన బద్దలది, సందుల్లోంచి కిందిగాలి పైకి వస్తుంది. కింద నీడలో అరుగు వేసుకుంటే పగటి వేళ అదే వసారా. ఒక్క ఇనుప మేకు లేకుండా తేమ, వేడి, పురుగు, భూకంపం నాలుగింటికీ జవాబు చెప్పిన కట్టడం. దాన్ని గీసినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఇప్పుడు 2004 భూకంపంతో వచ్చిన సునామీ తరువాతి సంగతి. మొదట వేసిన తాత్కాలిక షెడ్లు రేకులవి. మధ్యాహ్నం లోపల కూర్చోలేకపోతున్నామన్న ఫిర్యాదులు ఆ రోజుల్లోనే పత్రికలకెక్కాయి. తరువాత పదివేలకు దగ్గరగా పక్కా ఇళ్లు కట్టారు, దూరం నుంచి ఓడల్లో తెచ్చిన సామగ్రితో. ఆ తొందరను తప్పుపట్టను, నెత్తిన నీడ లేని జనానికి ముందు కప్పు కావాలి. అయితే ఆ ఇళ్లను భార్యాభర్తా పిల్లలూ అనే లెక్కన పంచారు. నికోబారీలది తుహెత్, అంటే భూమీ కొబ్బరితోటా వంటా కలిసి ఉండే పెద్ద ఉమ్మడి కుటుంబం. గది కొలత మారేసరికి ఎవరితో ఎవరు కలిసి తినాలన్నదీ మారిపోయింది. పరిశోధకులు దీన్ని పదే పదే రాశారు. గోడ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఎంత బరువైందో ఇంతకంటే స్పష్టంగా నేను చెప్పలేను.

ఆ మాటకొస్తే ఊరి నడుమనున్న సెల్యులార్ జైలు కూడా లోపలి చోటు మీద పాఠమే, తలకిందుల పాఠం. 1906కు పూర్తయిన ఆ భవనంలో ఒక విభాగం గదుల ముఖం మరో విభాగం వీపుకు ఎదురుగా ఉంటుంది, ఒక ఖైదీ ఇంకొకరి ముఖం చూడకుండా. గాలి కన్నం చేతికందని ఎత్తులో. మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అక్కడ శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో లోక్‌సభకు వెళ్లాడు. మనిషిని మనిషికి దూరం చేయడానికి ఒక డ్రాయింగు సరిపోతుందని ఆ కట్టడం చూపిస్తుంది. నేను అడగబోయే కోర్సులో ఒక పూట ఆ గదిలో టేపుతో కొలతలు తీయించండి చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

అడిగేది పెద్ద భవనం కాదు, కొత్త విశ్వవిద్యాలయం కాదు. కేంద్ర ఐటీఐ పాఠ్యక్రమంలో ఇంటీరియర్ డిజైన్ అండ్ డెకరేషన్ అనే ఏడాది ట్రేడు ఉంది, పదో తరగతి పాసైతే చాలు. డాలీగంజ్ ఐటీఐకి ఆ ట్రేడును గట్టిగా ముడివేసి, మొదటి ఆరు నెలలు తరగతి గదిలో కాకుండా చాథమ్‌లో, కార్పెంటర్ ట్రేడు పిల్లలతో ఒకే బల్ల దగ్గర గడిపేలా చేయండి. దానిపైన అంబేద్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డిప్లొమా స్థాయి మెట్టు ఒకటి ఉంటే, ఆ తరువాత అహ్మదాబాద్ వెళ్లదలచినవాళ్లు చేతిలో పనితనంతో వెళతారు, వెళ్లనివాళ్లకు ఇక్కడే ఒక అంచె దాటినట్టవుతుంది. బడి బల్లలు, ఆసుపత్రి వరండాలు, ఓడ టికెట్ల కోసం జనం గంటలు నిలబడే హాళ్లు ప్రజాపనుల శాఖ చేతిలోనే ఉన్నాయి కదా. ఏటా అందులో కొన్నింటి లోపలి పని ఈ పిల్లలకు, అనుభవమున్న పెద్దల పర్యవేక్షణలో ఇవ్వండి. చార్లెస్ కొరియా 1980ల మొదట్లో పోర్ట్ బ్లెయిర్ కొండవాలు మీద కట్టిన బే ఐలాండ్ హోటల్‌ను చూపించి, మెట్లు మెట్లుగా దిగే ఆ అరుగుల మీద ఏసీ లేకుండా గాలి ఎలా ఆడుతోందో కొలిపించండి. పాఠ్యపుస్తకం ఊళ్లోనే ఉంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు తెలియనివి కావు. నాలుగు లక్షల జనంలో ఇంటీరియర్ డిజైనర్లకు పనెక్కడిది అంటారు. జనాభాను మించి పర్యాటకులు ఏటా దిగే చోట ఈ ప్రశ్న సగమే నిజం. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లలో రిసార్టులు లేస్తున్నాయి. 2023 జులైలో ప్రారంభమైన కొత్త విమానాశ్రయ టెర్మినల్ ఏటా యాభై లక్షల మంది ప్రయాణికుల లెక్కతో కట్టింది. ఈ పనులకు డిజైనర్ విమానంలో వస్తాడు, ప్లై ఓడలో వస్తుంది, స్థానికుడికి మిగిలేది మోత. ఆ లెక్క మారాలంటే స్థానికుడికి గీయడం వచ్చి ఉండాలి. పైగా ఇక్కడ నిలిచే అల్మరా చేయడం నేర్చినవాడికి ద్వీపాలే మార్కెట్టు కానక్కర్లేదు. విశాఖ బీచి రోడ్డు నుంచి కొచ్చి దాకా సముద్రపు గాలి తగిలే ప్రతి ఫ్లాట్‌లోనూ అదే తేమ, అదే తుప్పు.

అడవి సంగతి రెండో అభ్యంతరం, నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది. చెక్కపని నేర్పితే చెక్క గిరాకీ పెరగదా, 2002 ఉత్తర్వు స్ఫూర్తికి ఇది విరుద్ధం కాదా అని అడగవచ్చు. చెక్క గురించి తెలియనివాడే దాన్ని తగలేస్తాడు. పొడవు లెక్కపెట్టకుండా కోయించేదీ, పచ్చి చెక్క వాడి వంకర పోయాక పారేసి మళ్లీ కొనిపించేదీ వాడే. నేర్చినవాడు పడాక్‌ను కనబడే చోట పలుచటి పొరగా, లోపల వేరేదాన్ని వాడతాడు, పాత ఇంటి దూలాన్ని కొత్త బల్ల చేస్తాడు, వెదురును తక్కువ చేసి చూడడు. అయినా షరతు రాతలో ఉండాలి. ఈ శిక్షణకు మిల్లు తుక్కు, తుదిముక్కలు, పాత కట్టడాల చెక్క మాత్రమే ఇవ్వాలి. దీని పేరు చెప్పి ఒక్క చెట్టు అదనంగా కొట్టకూడదు. ఆ షరతుకు నిలబడలేకపోతే ఈ కోర్సు అక్కర్లేదని నేనే అంటాను.

మూడో అభ్యంతరం పెద్దవాళ్ల నోట పైకి రాదు, మనసులో ఉంటుంది: చదివించింది మళ్లీ ఉలి పట్టడానికా? వృత్తి కులంతో ముడిపడ్డ సమాజం మనది, ఈ భయం ఊరికే రాలేదు. కార్పెంటర్ రోజుకూలికీ డిజైనర్ ఫీజుకూ మధ్య అగాధం ఉంది. దానికి కారణం పనితనం కాదు. కాగితం మీద గీసేదెవరు, ఎస్టిమేటు రాసేదెవరు, క్లయింటుతో మాట్లాడేదెవరు, సంతకం ఎవరిది అన్నదే. అందుకే ఉలితోపాటు డ్రాయింగు, ఎస్టిమేటు, ఒప్పంద పత్రం, హిందీ, ఇంగ్లిషు సంభాషణ ఒకే ఏడాదిలో నేర్పాలి. ఇరవై ఏళ్లుగా పనిలో ఉన్న మేస్త్రికి పాత అనుభవాన్ని గుర్తించే కేంద్ర నైపుణ్య పథకం కింద పత్రం ఇచ్చి, అతన్నే బోధకుడిగా కూర్చోబెట్టాలి. తండ్రి గురువు కుర్చీలో కనిపిస్తే కూతురికి ఉలి చిన్నతనం అనిపించదు.

డబ్బు గురించి ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి, ఎందుకంటే కెరీర్ పుస్తకాలు దీన్ని దాటేస్తాయి. మన క్లయింటు గీతకు డబ్బివ్వడు. ‘బొమ్మ గీసినందుకు ఫీజేమిటి’ అంటాడు. దాంతో డిజైనర్ తన ఫీజును చదరపు అడుగు రేటులో, ప్లై ధరలో, దుకాణం ఇచ్చే కమిషన్‌లో దాచుకుంటాడు. ఫలితం ఏమిటంటే ఎంత ఎక్కువ ప్లై కొట్టిస్తే అంత రాబడి. ప్రతి పలకా సముద్రం దాటి రావలసిన చోట ఇంతకంటే దండగమారి పద్ధతి లేదు. ప్రభుత్వ పనుల్లో డిజైన్ ఫీజును విడిగా, పేరుపెట్టి చెల్లించే అలవాటు మీరు మొదలుపెడితే ప్రైవేటువాళ్లకు ఒక కొలమానం దొరుకుతుంది. తక్కువ వాడించి ఎక్కువ సంపాదించే డిజైనర్ పుట్టేది అప్పుడే.

సర్టిఫికెట్టుకు చట్టబద్ధత ఏదీ అన్నది మరో అభ్యంతరం. నిజమే, ఇంటీరియర్ డిజైనర్లకు చట్టం పెట్టిన కౌన్సిల్ లేదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కూడా ఆర్కిటెక్టు అన్న పేరును కాపాడుతుందే తప్ప ఆ పనిని ఇంకొకరు చేయకుండా ఆపదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే 1972లో పుట్టిన ఇంటీరియర్ డిజైనర్ల సంస్థ స్వచ్ఛంద సంఘం. లైసెన్సు కాపలా లేని రంగంలో మనిషిని నిలబెట్టేది చేసి చూపిన పనే. ద్వీపాల పిల్లలకు ఇది నష్టం కాదు, తలుపు తెరిచి ఉందన్నమాట.

చివరిది, వేసవిలో నీళ్లే రోజూ రాని ఊళ్లో ఈ సోకులెందుకన్న మాట. ఇంటీరియర్ అంటే షాండ్లియర్ అనుకుంటే ఈ మాట ఒప్పుకోవలసిందే. కానీ నీళ్లు రోజూ రాని ఊళ్లో వంటింట్లో మొదట చోటు వెతుక్కునేది డ్రమ్ము. పట్నం నుంచి వచ్చే మాడ్యులర్ కిచెన్ కేటలాగులో సీసాల అర ఉంటుంది, మిక్సీ అర ఉంటుంది, డ్రమ్ముకు చోటుండదు. డ్రమ్మును నేల తడవకుండా, చెంబు ముంచడానికి అందే ఎత్తులో, దోమ దూరకుండా, ముసలావిడ నడుము వంచనక్కర్లేకుండా ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు గీయగలిగిన అమ్మాయి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ ఇంటినీ తీరుస్తుంది, రేపు చెన్నైలో రెండు గదుల ఫ్లాటునూ తీరుస్తుంది.

కోర్సు మంజూరుకు కాగితాలు కదలడానికి కాలం పడుతుందని తెలుసు. ఈలోపు ఖర్చు లేని పని ఒకటి ఉంది. చాథమ్‌లో సముద్రం వైపు, వానా గాలీ సూటిగా తగిలే చోట ఒక పొడవాటి చెక్క చట్రం నిలబెట్టించండి. దాని మీద పడాక్, గర్జన్, వెదురు, ఎంఆర్ ప్లై, మెరైన్ ప్లై, ఎండీఎఫ్, మైకా అంటించినదీ అంటించనిదీ, అంచు మూసినదీ మూయనిదీ, 304 మర, 316 మర, ఇత్తడి మర, అన్నీ ఒక్కో ముక్క. ప్రతిదానికీ తేదీ వేసిన చీటీ. నెలకోసారి ఐటీఐ పిల్లలు వచ్చి మందం కొలిచి రిజిస్టరులో రాస్తారు. మూడేళ్ల తరువాత ఆ రిజిస్టరు కోసం ప్రధాన భూభాగపు డిజైనర్లే ఉత్తరాలు రాస్తారు. నైరుతి మే నెలలోనే మీ తీరం ఎక్కుతుంది కాబట్టి చట్రం ఏప్రిల్‌లోపు నిలబడితే మొదటి వానాకాలం లెక్క పోదు.

ఇట్లు,
ఒక తెలుగు వ్యాసకర్త